కూపు పని, కొత్త ఊరు: పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డ్ చేయడం ఎలా?

"మా తాత సిర్పూర్ కాగితం మిల్లుకు వెదురు కొట్టే కూపుల్లో పనిచేశాడు. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. ఆయన మాటలు రికార్డ్ చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" "మా నాయనమ్మ వాళ్లు గుంటూరు వైపు నుంచి తుంగభద్ర క్యాంపుకు వచ్చి తుమ్మ కంప నరికి పొలం చేశారట. ఫోన్‌లో రికార్డ్ చేస్తే చాలా?" ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి. అందరికీ పనికొచ్చేలా అంతా ఒకచోట రాస్తున్నాను. కూపు అంటే నరకడానికి గుర్తుపెట్టి ఇచ్చిన అడవి ముక్క. క్యాంపు అంటే కాలువ నీళ్ల కోసం వలస వచ్చినవాళ్లు కట్టుకున్న కొత్త ఊరు.

ఒక విషయం ముందే చెప్పాలి. అందరూ ఏ మైకు కొనాలి అని అడుగుతారు. ఈ పనిలో మైకు కన్నా ప్రశ్న ముఖ్యం. "మీ జీవితం గురించి చెప్పండి తాతా" అంటే "ఏముంది బిడ్డా, కష్టపడ్డం, బతికినం" అని ఊరుకుంటాడు. "గొడ్డలికి కామ ఏ కట్టెతోని పెట్టేటోళ్లు?" అని అడిగి చూడండి. కట్టె పేరు, దాన్ని ఎందుకు ఎంచుకుంటారు, కామ విరిగిన రోజు ఏమైంది, ఆ రోజు కూలి పోయిందా, మేస్త్రి ఏమన్నాడు, అన్నీ వరసగా వస్తాయి.

ఎవరిని అడగాలి

అడవి పని అంటే చెట్లు నరికినవాళ్లే కాదు. వెదురు కూపు, టేకు కూపు, తునికాకు (బీడీ ఆకు) కల్లం, బొగ్గు బట్టీ, గోదావరి మీద వెదురు తెప్పలు, దుంగలు లాగిన ఎడ్లబండ్లు, లారీ డ్రైవర్లు, డిపో వాచర్లు, ప్లాంటేషన్లో మొక్కలు నాటిన ఆడవాళ్లు, రిటైరైన బీట్ గార్డులు అందరూ లెక్కలోకి వస్తారు. కొత్త ఊళ్ల సంగతీ అంతే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, వర్ని, కోటగిరి చుట్టుపక్కల వెలసిన క్యాంపులు, 1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక ఇప్పటి కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెలసిన తెలుగు క్యాంపులు, భద్రాచలం, ములుగు అడవుల అంచున కట్టుకున్న గూడేలు అన్నీ ఇందులోవే.

ఒక ఊరి కథ కావాలంటే కనీసం ముగ్గురిని ఎంచుకోండి. వచ్చి స్థిరపడ్డ ఇంటి పెద్ద ఒకరు, ఆ ఇంటి పనికి పోయిన కూలీ ఒకరు, వాళ్లు రాకముందు నుంచీ అక్కడున్న కుటుంబం ఒకటి. మూడోది చాలామంది వదిలేస్తారు. "మేం వచ్చేసరికి ఇక్కడ అంతా ఖాళీ అడవి" అనే మాట దాదాపు ప్రతి క్యాంపులో వినిపిస్తుంది. పక్క గూడెంలో అడిగితే ఆ ఖాళీ అడవిలోనే వాళ్ల పశువుల మేత, ఇప్పపూల చెట్లు, దేవర గుడి ఉండేవని చెబుతారు. ఇద్దరూ చెప్పేది రికార్డ్ కావాలి.

ఏమేం కావాలి

- ఫోన్. ఐదు జీబీ ఖాళీ ఉండాలి. డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో సేవ్ చేసే రికార్డర్ యాప్ వేసుకోండి. 48 కిలోహెర్ట్జ్, మోనోలో గంటకు సుమారు 350 ఎంబీ అవుతుంది.
- చొక్కాకు తగిలించే వైరు మైకు. చవకదైనా పరవాలేదు.
- రెండో ఫోన్. ఒకటి ఆగిపోయినా రెండోది నడుస్తుంటుంది.
- పవర్ బ్యాంకు. గూడేల్లో కరెంటు మీద ఆశ పెట్టుకోకండి.
- నోట్‌బుక్, పెద్ద తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్ను, చాక్‌పీసు, చిన్న స్కేలు.
- ఆ కుటుంబం దగ్గర ఉన్న పాత కాగితాలు, ఫొటోలు. ఉంటే ముందే బయటకు తీయించండి.

వీడియో తీయాలా అని అడుగుతారు. ముందు ఆడియో చేయండి. కెమెరా ఎదురుగా ఉంటే పెద్దాయన నిటారుగా కూర్చుని ఉపన్యాసం మొదలుపెడతాడు. దుంగకు గొలుసు ఎలా వేసేవాళ్లు, ఆకు కట్ట ఎలా కట్టేవాళ్లు లాంటి చేతి పని చూపించేటప్పుడు మాత్రం ఐదు నిమిషాలు వీడియో తీస్తే చాలు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి చొక్కా మార్చుకొస్తానంటాడు. మార్చుకోనివ్వండి.

1. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్లండి

రికార్డర్ తీయకుండా ఒక గంట కూర్చుని రండి. మీరు ఎవరి మనవడో, ఎవరి కూతురో, ఎందుకొచ్చారో చెప్పండి. రోజులో ఏ వేళ ఓపిగ్గా ఉంటారో, మందులు ఎప్పుడు వేసుకుంటారో, ఏ చెవి బాగా వినిపిస్తుందో చూసుకోండి. ఆ చెవి వైపే కూర్చోవాలి.

ఈ మొదటి గంటలోనే ఆయన తన మంచి కథలన్నీ చెప్పేస్తాడని భయం వద్దు. "అది మళ్లీ రేపు చెప్పాలి తాతా" అంటే చాలు. రెండోసారి ఇంకా బాగా చెబుతాడు.

పిలుపు సరిగా ఉండాలి. తెలంగాణ పల్లెలో తాతా, అవ్వా, పెద్దయ్యా అనొచ్చు. కోస్తా నుంచి వెళ్లిన క్యాంపుల్లో పెదనాన్న గారూ, బాబాయ్ గారూ, మామ్మ గారూ అంటేనే బాగుంటుంది. "సార్" అనకండి. అడవి పల్లెల్లో ఆ పిలుపు ఆఫీసర్లది.

2. అనుమతి, అందులో ఉన్న చిక్కు

ఇది తొందరగా దాటేసే అంశం కాదు. అడవి కథల్లో కేసులు, జరిమానాలు, పోడు, దొంగకలప, "అన్నలు" (నక్సలైట్లు), పోలీసులు, లంచాలు అన్నీ ఉంటాయి. ఆయన నవ్వుతూ చెప్పిన ముచ్చట యాభై ఏళ్ల కిందటిదే అయినా, ఆ పొలం మీద ఇప్పటికీ తగాదా నడుస్తుండొచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1/70 (1970 నాటి ఒకటో నిబంధన) ఉన్నాయి. గిరిజనేతరుడు భూమి ఎలా వచ్చిందో చెబితే అది అక్కడి కుటుంబాలన్నిటికీ తగిలే విషయం.

అందుకని ఈ మూడూ అడగండి, జవాబులు రికార్డ్‌లోనే ఉండేలా చూడండి:

- ఇది ఎవరు వినొచ్చు? ఇంటివాళ్లేనా, ఊరివాళ్లా, అందరూనా?
- మీ పేరు పెట్టాలా, వద్దా?
- మాట్లాడాక "ఈ ముక్క వద్దు" అనిపిస్తే తీసేస్తాను. సరేనా?

జాగ్రత్త: ఏజెన్సీ గూడేల్లో వేలిముద్ర వేయించుకునే కాగితం తీసుకెళ్లకండి. అప్పు పేరుతో, కౌలు పేరుతో వేలిముద్రలు వేయించుకుని భూములు లాక్కున్న కథలు అక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. కాగితం చూడగానే నోరు మూసుకుపోతుంది. మాటలో ఇచ్చిన అనుమతి రికార్డ్ అయితే చాలు.

బతికున్న మూడో మనిషి మీద ఆరోపణ వస్తే ఆ నిమిషం నోట్‌బుక్‌లో రాసుకోండి. అందరికీ ఇచ్చే కాపీలో ఆ ముక్క ఉండకూడదు. అసలు ఫైలు మాత్రం కత్తిరించకుండా దాచండి.

3. చోటు, ఫోన్ సెట్టింగు

ఆరుబయట చెట్టు కింద చూడటానికి బాగుంటుంది. రికార్డింగ్‌లో మాత్రం గాలి, కోళ్లు, పక్కింటి టీవీ తప్ప ఏమీ వినపడదు. మంచం, దుప్పట్లు, బట్టల దండెం ఉన్న చిన్న గది వెతకండి. బట్టలు ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. రేకుల గది అయితే వాన పడే రోజు మానుకోండి. ఫ్యాన్ ఆపాలి. ఎండాకాలంలో ఆపడం కుదరకపోతే మైకును ఫ్యాన్ గాలి తగలకుండా, ఛాతీ మీద కండువా మడత లోపల తగిలించండి.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగినట్టు కూడా తెలియదు. ఒక నిమిషం రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. చొక్కా గుండీకి, గొలుసుకు మైకు రాసుకునే చప్పుడు అప్పుడే దొరుకుతుంది.

4. మొదటి అర నిమిషం

రికార్డింగ్ మొదట్లో మీరే చెప్పండి: తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు (పేరు వద్దంటే "కూపు పని చేసిన పెద్దాయన" అని), అడిగేవారి పేరు, గదిలో ఇంకెవరున్నారు, ఏ భాషలో మాట్లాడుతున్నారు. ఫైలు పేరు మారిపోయినా ఈ అర నిమిషం దాన్ని కాపాడుతుంది.

5. ఏం అడగాలి

ప్రశ్నల జాబితా చేతిలో పట్టుకుని చదవకండి. ముందు రోజు బాగా చదువుకుని వెళ్లండి. కింద ఇచ్చినవి మీ మాటలో, మీ యాసలో అడగండి.

కూపు పని గురించి:

- మొట్టమొదలు కూపుకు ఎవరెంబడి పోయిన్రు? ఎంత దూరం నడిచిన్రు?
- పనికి పిలిచింది ఎవరు? మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేవాడా? అది తీరేదా?
- పొద్దున లేచిన దగ్గర్నుంచి పండుకునేదాకా ఒక్క రోజు చెప్పుండ్రి.
- ఏ వెదురు కొట్టాలె, ఏది విడిచిపెట్టాలె? ఆ ఏడు పుట్టిన పిలకను కొడితే ఏమయ్యేది?
- కట్టకు ఎన్ని బొంగులు? లెక్క ఎవరు పెట్టేటోళ్లు? లెక్క తేడా వస్తే?
- దుంగ మీద ముద్ర ఎవరు కొట్టేవాళ్లు? ముద్ర లేని దుంగ దొరికితే?
- గుంట తవ్వి దుంగ కోసేటప్పుడు రంపం పైన ఎవరు, కింద ఎవరు? కింద నిలబడ్డవాడికి కూలి అంతేనా?
- కూపు కాడ ఏం తిన్నరు? నీళ్లు ఎక్కడివి?
- జ్వరం వస్తే? చెట్టు మీద పడితే? ఎవరు మోసుకొచ్చిన్రు? ఆ రోజుల కూలి ఇచ్చిన్రా?
- జంగ్లాతోళ్లకు (అటవీ శాఖవాళ్లకు) వెట్టి చేసిన్రా? కోడి, నెయ్యి, కట్టెలు ఇయ్యాల్సి వచ్చేదా?

తునికాకు గురించి అడిగితే ఆడవాళ్లనే అడగండి, మగవాళ్లు లేని సమయంలో అడగండి. ఎండాకాలంలో తెల్లవారకముందే పోయి ఆకు తెంపడం, ఇంటికొచ్చి యాభై ఆకుల కట్టలు కట్టడం, సాయంత్రం కల్లానికి మోయడం, కల్లం చూసే కల్లేదారు కట్టలు ఏరి పక్కన పడేయడం, ఇదంతా వాళ్ల నోట వింటే వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. దాని ముందు, తర్వాత కట్ట రేటు ఎలా ఉండేదో అడగండి. రేటు పెంచమని జరిగిన సమ్మెల ప్రస్తావన వస్తే పేర్ల విషయంలో రెండో మెట్టు గుర్తుపెట్టుకోండి.

కొత్త ఊరి గురించి:

- పెదనాన్న గారూ, బండి దిగిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు?
- అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్ని ఎకరాలు వచ్చాయి? ఆ లెక్క ఎవరు చెప్పారు?
- సామాన్లలో ఏం తెచ్చారు, ఏం వదిలేశారు?
- మొదటి బావి ఎవరు తవ్వారు? ఎన్ని గజాలకు నీళ్లు పడ్డాయి? అందాకా ఏ నీళ్లు తాగారు?
- కంప కొట్టి, మొద్దులు పెకలించి, మొదటి పంట వేసేసరికి ఎన్నాళ్లు పట్టింది? ఈలోపు ఏం తిన్నారు?
- పందులు, ఎలుగులు పంట మీద పడితే మంచె మీద ఎవరుండేవారు?
- చలిజ్వరానికి ఏం మందు? ఎవరెవరు తిరిగి వెళ్లిపోయారు?
- కాన్పులు ఎవరు చేశారు? (ఇది మామ్మ గారిని అడగాలి.)
- అక్కడి భాష ఎలా నేర్చుకున్నారు? మొదట నేర్చుకున్న మాటలేవి?

తిరిగి వెళ్లిపోయినవాళ్ల ప్రశ్న వదలకండి. నిలబడ్డవాళ్లే కథ చెబుతారు కాబట్టి ప్రతి క్యాంపు కథా గెలిచిన కథలాగే వినిపిస్తుంది. ఎన్ని కుటుంబాలు వచ్చాయి, రెండేళ్లకు ఎన్ని మిగిలాయి అని అడిగితే బొమ్మ మారుతుంది.

"అప్పట్లో మనుషులు మంచివాళ్లు కదా?" లాంటి ప్రశ్నలు అడగొద్దు. మీకు కావలసిన జవాబు మీరే నోట్లో పెట్టినట్టు. "మేస్త్రి మోసం చేసేవాడా?" కూడా అలాంటిదే. "మేస్త్రి ఎలాంటివాడు?" చాలు.

ఆయన ఆగితే మీరూ ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. మనవాళ్లకు మౌనం అంటే టెన్షన్, వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తాం. అసలు సంగతి ఆ ఆగడం తర్వాతే వస్తుంది.

6. సంవత్సరాలు పట్టుకోవడం

"ఏ సంవత్సరం తాతా?" అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పి మిమ్మల్ని సంతోషపెడతాడు. ఆధార్ కార్డు చూస్తే జనవరి 1 అని ఉంటుంది. అది రాసినవాళ్ల అంచనా మాత్రమే. పెద్ద సంఘటనకు ముడేసి అడగండి: "అప్పటికి పెళ్లయిందా? పెద్దోడు పుట్టిండా? ఆ వరద ముందా, తర్వాతా?"

పనికొచ్చే గుర్తులు ఇవి. మీ ప్రాంతానికి సరిపోయేవి ఎంచుకోండి.

- 1940: జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోవడం
- 1948 సెప్టెంబర్: పోలీస్ యాక్షన్
- 1953 ఆగస్టు: గోదావరి పెద్ద వరద
- 1956 నవంబర్: ఆంధ్రప్రదేశ్ ఏర్పడటం
- 1957: నయా పైసలు రావడం
- 1969: తెలంగాణ ఉద్యమం
- 1977 నవంబర్: దివిసీమ ఉప్పెన
- 1981 ఏప్రిల్ 20: ఇంద్రవెల్లి కాల్పులు
- 1985: తాలూకాలు పోయి మండలాలు రావడం
- 1986 ఆగస్టు: భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద

అడవికి దాని సొంత క్యాలెండర్ కూడా ఉంది. వెదురు అంతా ఒకేసారి పూసి ఎండిపోయిన ఏడాది ఎవరికైనా గుర్తుంటుంది, వెదురు బియ్యం తిన్నారు కాబట్టి. అది దశాబ్దాలకు ఒకసారి వచ్చేది. కూపుల వరస కూడా సాయపడుతుంది. అడవిని భాగాలు చేసి ఏడాదికి ఒకటి చొప్పున కొట్టించేవాళ్లు. వెదురు కూపైతే మూడు నాలుగేళ్లకు మళ్లీ అదే చోటికి వచ్చేవాళ్లు. "ఆ గుట్ట కూపు తర్వాత ఏ కూపు?" అని వరస పట్టుకుంటే సంవత్సరాలు వాటంతట అవే కుదురుతాయి.

డబ్బు మాటలో కూడా కాలం ఉంటుంది. హాలీ సిక్కా (నిజాం నాణెం), కల్దారు (బ్రిటిష్ రూపాయి) అని తేడా చెబితే అది నిజాం రాజ్యం నాటి, లేదా దాని వెంటనే వచ్చిన రోజుల ముచ్చట. అణాల్లో కూలి చెబితే 1957కు ముందుది కావొచ్చు. కచ్చితంగా అని మాత్రం రాయకండి, బేడ, పావలా అనే మాటలు పైసలు వచ్చాక కూడా చాలాకాలం నడిచాయి. పాత కాగితం మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. 1355 ఫసలీ అంటే 1945–46.

7. పటం గీయించండి

మాటలు ఆగిపోతే చాక్‌పీసు ఇవ్వండి. నేల మీద వాగు గీయమనండి, తర్వాత బాట, తర్వాత కూపు, డిపో, గుడిసెలు, నీళ్ల చెలిమ. చేయి కదిలితే జ్ఞాపకం కదులుతుంది. గీస్తున్నంతసేపూ రికార్డర్ నడవాలి. మీరు కూడా "ఇది వాగుకు ఎడమ పక్కన, కదా తాతా" అని పైకి అనాలి. లేకపోతే తర్వాత వినేవాళ్లకు "ఇదిగో ఇక్కడ" అన్న మాట తప్ప ఏమీ మిగలదు. పూర్తయ్యాక పైనుంచి ఫొటో తీసి, కాగితం మీద ఎక్కించండి.

పాత గొడ్డలి, రంపం, కొలత గొలుసు, శిస్తు రసీదు, గుర్తింపు కార్డు దొరికితే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. వస్తువులు తీసుకెళ్లకండి.

ఆయన్ని అడవికే తీసుకెళ్లి చూపించమనాలని కోరిక పుడుతుంది. నడవగలిగితే మంచిదే. అయితే రిజర్వ్ ఫారెస్టులోకి, ముఖ్యంగా అమ్రాబాద్, కవ్వాల్ లాంటి టైగర్ రిజర్వుల్లోకి అనుమతి లేకుండా వెళ్లకండి. ఊరి చివర గట్టు మీద నిలబడి చేయి చాపి చూపించినా సరిపోతుంది.

8. గోండి, కోయ, కొలామి మాట్లాడేవాళ్లయితే

ఆయనకు తెలుగు వచ్చు కదా అని తెలుగులోనే అడిగితే, ఆయన తెలుగు ఎంతవరకు వస్తే కథ కూడా అంతవరకే వస్తుంది. ఇంటి భాషలో చెప్పనివ్వండి. ఊళ్లో చదువుకున్న కుర్రాడినో అమ్మాయినో తోడు తెచ్చుకోండి, కూలి ఇవ్వండి. అనువాదం మాట మాటకీ మధ్యలో వద్దు, ఒక ముచ్చట అయ్యాక చెప్పించుకోండి. అడిగేవాళ్లు ఆ పెద్దాయనకు వరస అయినవాళ్లయితే కొన్ని మాటలు చెప్పడానికి సిగ్గుపడొచ్చు, అది ముందే కనుక్కోండి.

9. అదే రోజు రాత్రి చేయాల్సినవి

రేపు చేద్దాం అనుకుంటే జరగదు. ఫైలును రెండు చోట్లకు కాపీ చేయండి, ఒకటి ల్యాప్‌టాప్ లేదా పెన్‌డ్రైవ్, ఒకటి క్లౌడ్. మూడోది ఫోన్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో ఆడియోగా పంపుకుంటే నాణ్యత పోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, విషయం, వరస సంఖ్య పెట్టండి. "న్యూ రికార్డింగ్ 14" అని వదిలేసిన ఫైలు రెండేళ్ల తర్వాత ఎవరిదో మీకే తెలియదు.

విన్న ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, చెట్ల పేర్లు రాసుకోండి. మరునాడు ఫోన్ చేసి వాటి పలుకుబడి సరిచూసుకోవచ్చు.

10. రాతలో పెట్టడం

గంట ఆడియోను అక్షరం అక్షరం ఎక్కించడానికి ఒక రోజంతా పడుతుంది. అందుకే చాలామంది సగంలో వదిలేస్తారు. ముందు సూచిక చేయండి. ఐదు నిమిషాలకు ఒక వరస: "15:00 – కూపుకు మొదటి ప్రయాణం, 20:00 – అడ్వాన్సు అప్పు, 25:00 – తమ్ముడికి జ్వరం." దీంతోనే తొంభై పాళ్లు పని నడుస్తుంది. బాగున్న ముక్కలు మాత్రం పూర్తిగా రాయండి.

రాసేటప్పుడు యాసను దిద్దకండి. "పోయినం" అంటే "వెళ్లాము" అని మార్చకండి. అర్థంకాని చోట ఊహించి నింపకుండా చుక్కలు పెట్టి సమయం వేయండి. మాటను అక్షరాల్లోకి మార్చే యాప్‌లు పట్నపు తెలుగుకు కొంత నయం. పళ్లు లేని పెద్దాయన అడవి మాటలకు అవి చెత్త రాస్తాయి, అదీ నమ్మకంగా రాస్తాయి. వాడినా ప్రతి వాక్యం వింటూ దిద్దుకోవాలి.

11. సరిచూడటం

మొదట ఆయన మాటల్లోనే సరిచూడండి. పోలీస్ యాక్షన్ నాటికి పదేళ్లు అన్నాడు, పద్దెనిమిదేళ్లకు కూపుకు పోయానన్నాడు. అంటే 1956 ప్రాంతం. కూలి నయా పైసల్లో చెబుతున్నాడంటే రెండో మూడో ఏడాది కూలి గుర్తున్నట్టు. ఇది తప్పు పట్టడానికి కాదు, పక్కన రాసుకోవడానికి.

తర్వాత ఇంకో మనిషితో సరిచూడండి. ఒకే కూపులో పనిచేసిన ఇద్దరిని విడివిడిగా అడగండి. ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి కథే ఇద్దరి కథా అవుతుంది.

తర్వాత కాగితం. తెలంగాణలో పహాణీ, ముఖ్యంగా 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఆంధ్రలో అడంగల్ (రెండూ పొలం ఎవరిది, దున్నేది ఎవరు అని రాసే రికార్డులు), శిస్తు రసీదులు, పాత ఓటరు జాబితాలు, అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లు (ఏ అడవిని ఎప్పుడు కొట్టాలో రాసిన ప్రణాళికలు) చూడొచ్చు. కాగితం, మాట ఒకదానికొకటి కుదరకపోతే వెంటనే కాగితమే నిజం అనుకోకండి. పట్టాదారు గడిలో ఒకరి పేరుంటుంది, దున్నింది ఇంకొకరు. ఆ తేడా ఎలా వచ్చిందో అడగడానికే మళ్లీ వెళ్లాలి. రెండూ పక్కపక్కన రాసి ఉంచండి.

ఈ రికార్డింగ్ బాగా వచ్చిందా అని తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటే. మీ గొంతు ఎంతసేపు వినిపిస్తోంది? పావు వంతు దాటితే మళ్లీ వెళ్లండి.

తరచూ జరిగే పొరపాట్లు

కొడుకు పక్కన కూర్చుని "అట్ల కాదు నాయినా" అని దిద్దుతుంటాడు. అతనికి వేరే పని చెప్పండి, చాయ్ తెమ్మనండి, లేదా "మీది రేపు విడిగా రికార్డ్ చేస్తాను" అనండి. రేపు నిజంగానే చేయండి, రెండో తరం సంగతులు కూడా కావాలి.

రెండు గంటలు ఆపకుండా లాగడం ఇంకోటి. ఎనభై దాటినవాళ్లకు ముప్పావు గంట చాలు. తమ్ముడో బిడ్డో చనిపోయిన కథ దగ్గర గొంతు పూడుకుపోతే రికార్డర్ ఆపాలా అని అడగండి, నీళ్లివ్వండి. ఆ కథ చెప్పిన వెంటనే లేచి వచ్చేయకూడదు. పశువుల గురించో వానల గురించో మాట్లాడి, మామూలు కబుర్లలోకి వచ్చాక బయల్దేరండి.

డబ్బు ఇవ్వాలా? కూలి పోగొట్టుకుని కూర్చుంటే ఆ రోజు కూలి ఇవ్వడం న్యాయం. ముచ్చటకు ఇంత అని మాత్రం పెట్టకండి, ముచ్చట్లు పెరుగుతాయి.

12. తిరిగి ఇవ్వడం

ఇంటివాళ్లకు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, సూచిక అచ్చు వేసిన కాగితం ఇవ్వండి. ఫోన్‌లో వినేవాళ్లకు చిన్న ముక్కలుగా చేసి ఇవ్వాలి, గంట ఫైలు ఎవరూ తెరవరు. ఆయనకే ఒకసారి వినిపించండి. "ఇది తప్పు చెప్పిన" అంటే ఆ సవరణ కూడా రికార్డ్ చేసి జత చేయండి, పాతదాన్ని చెరపకండి.

పోడు పట్టాకు ఇది పనికొస్తుందా?

చాలామంది అడిగేది ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపాలి. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడున్నట్టు కూడా చూపాలి. నిబంధనల్లో చెప్పిన ఆధారాల్లో పెద్దల వాంగ్మూలం ఒకటి. అయితే అది దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పింది అయి ఉండాలి, రాతలో ఉండాలి. అదొక్కటే చాలదు, ఇంకో ఆధారం కూడా జత చేయాలి. కాబట్టి మీ ఆడియో నేరుగా ఆధారం కాదు. అందులో దొరికిన చెరువు గట్టు, సమాధులు, పాత బావి, గుడి లాంటి గుర్తులను బట్టి విడిగా వాంగ్మూలం రాయించి గ్రామసభ అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. జ్ఞాపకాల రికార్డింగ్‌నూ దీన్నీ ఒకే రోజు కలపకండి. పట్టా మాట వినగానే ఆయన చెప్పే ప్రతి సంవత్సరం పట్టాకు సరిపోయేలా మారిపోతుంది.

దూరంగా ఉన్నవాళ్లకు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊరికి రాలేకపోతే వీడియో కాల్‌ను రికార్డ్ చేసి సరిపెట్టుకోకండి. నెట్ తెగినప్పుడల్లా మాటలు పోతాయి. ఊళ్లో ఉన్న చెల్లెలో, మేనల్లుడో తన ఫోన్‌లో ఆయన పక్కనే విడిగా రికార్డ్ చేయాలి, మీరు ఇంకో ఫోన్‌లో కాల్‌లో ఉండి అడగాలి. ఆయన మీ ముఖం చూసి మాట్లాడతాడు, మంచి శబ్దం పక్కనున్న ఫోన్‌లో పడుతుంది. స్పీకర్ శబ్దం తగ్గించి పెట్టమనండి, లేకపోతే మీ గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. కాల్ పెట్టేశాక ఆ ఫోన్‌లో ఇంకో పది నిమిషాలు రికార్డింగ్ ఆపొద్దని, ఆ సంగతి తాతకు కూడా చెప్పి ఉంచమని చెప్పండి. "వాడికి చెప్పలే గానీ" అంటూ అప్పుడు మొదలుపెట్టే ముచ్చట్లు చాలా ఉంటాయి. వాటిని మీకు పంపాలా వద్దా అనేది ఆయన్నే అడగాలి.